గుండుసూది కాసెట్టు

ముందే చెప్పేస్తున్నాను, ఆ కాసెట్టు నాది. మా వదిన ఎవరికి ఏం చెప్పుకున్నా సరే, కొన్నది నేను, అట్ట లోపల పెన్నుతో నా పేరు రాసుకున్నది నేను. "రెండ్రోజుల్లో ఇచ్చేస్తానే" అని పట్టుకెళ్ళింది తను. ఆ రెండ్రోజులు ఇరవై తొమ్మిదేళ్ళు నడిచాయి.

అప్పటికి తను నాకు వదిన కాదు. షార్ట్‌హ్యాండ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో నా పక్కన కూర్చునే పిల్ల. ఇద్దరికీ పదిహేడేళ్ళు. షార్ట్‌హ్యాండ్ అంటే ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆ మాటల్ని అక్షరాల్లో కాకుండా గీతలు, కొక్కేలు, చుక్కలుగా గబగబా రాసుకోవడం, తర్వాత కూర్చుని టైపు కొట్టడం. ఆ పని చేసేవాళ్ళని స్టెనో అంటారు. చంకకి బ్యాగు తగిలించుకుని, టకటకా మెట్లెక్కి ఆఫీసుకి పోవాలని ఇద్దరికీ మహా ఇదిగా ఉండేది.

కాసెట్టు పేరు 'గుక్క తిప్పుకోను'. పాడినవాడు తనకి తనే గుండుసూది అని పేరు పెట్టుకున్నాడు. అట్ట మీద గుండు చేయించుకున్న బక్క కుర్రాడొకడు ఎండకి కళ్ళు చికిలించి చూస్తుంటాడు. అటు అయిదు, ఇటు అయిదు, మొత్తం పది ర్యాప్ పాటలు. రాగం గీగం ఏమీ ఉండదు. దరువు ఒక్కటే, దాని మీద మాటలు దబదబా కుమ్మరిస్తాడు. "ఎవరితోనే వాడికి తగువు?" అనేవాడు మా నాన్న. నాకు మాత్రం ప్రాణం. పది పాటలూ నోటికొచ్చు. గుండుసూది ఇంకో కాసెట్టు చేశాడో లేదో తెలీదు, నేను చూసినంతలో దుకాణాల్లోకి రాలేదు.

మా మాస్టారు డిక్టేషన్ చెప్పే తీరు చూడాలి. ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ మధ్య ఒక కునుకు తీసి లేచేవారు. ఆ వేగంతో నేర్చుకుంటే పరీక్ష పాసయినట్టే! అందుకని మా వదిన గుండుసూదినే మాస్టారుగా పెట్టుకుంది. వాడు నిమిషానికి నూట యాభై మాటలకి తక్కువ అనడు. వాడిని పట్టుకుంటే ఏ ఆఫీసర్నయినా పట్టుకోవచ్చని తన లెక్క. రోజూ టేపు రికార్డరు పెట్టుకుని, మొదటి పాట నుంచి పదో పాట దాకా గీతలు గీసేది. నోట్‌బుక్కులకి నోట్‌బుక్కులు నిండిపోయాయి. ఆ ఏడు పరీక్షలో తనే ఫస్టు. పంతొమ్మిదేళ్ళకల్లా నీళ్ళ ఆఫీసులో, అదే, ఇళ్ళకి కుళాయి నీళ్ళిచ్చే ఆఫీసులో, స్టెనోగా చేరిపోయింది.

నేను పరీక్షే రాయలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ఇప్పుడు ఎత్తుకుంటే నాకు కోపం వచ్చి అసలు విషయం పక్కకి పోతుంది. కుట్టు మిషను ముందు కూర్చున్నాను, ఇవాళ్టికీ దాని ముందే ఉన్నాను. నాలుగు అడుగుల వెడల్పున్న కొట్టు, నాది.

ఇంతలో మా అన్నయ్య. నన్ను సైకిలు మీద ఇన్‌స్టిట్యూట్ దగ్గర దింపడానికని వచ్చేవాడు, చివరికి వాడే అక్కడ దిగబడిపోయాడు. అలా స్నేహితురాలు వదినయింది. కాసెట్టు కూడా తన బట్టల పెట్టెలో మా ఇంటికే వచ్చింది. "ఇంకా నీదీ నాదీ ఏమిటే, ఒకే ఇల్లు కదా" అంది. చూశారా తెలివి!

తనకో అలవాటు ఉంది. ఎవరు మాట్లాడినా సరే, కుడిచేతి చూపుడువేలు కదులుతుంటుంది. తొడ మీదో, బల్ల మీదో, బస్సు కిటికీ మీదో, చెవిన పడ్డదల్లా గీతలుగా రాసేస్తుంది. మాట చెవిలోంచి దూరి వేల్లోంచి బయటికి పోతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. "అర్థం ఏమిటా అని ఆలోచిస్తే చెయ్యి వెనకబడుతుందే" అని తనే ఒప్పుకుంది. ఆఫీసులో ఇది గొప్ప గుణం. ఎవరిని పీకెయ్యాలో, ఎవరిని ఎక్కడికి తోలెయ్యాలో, ఆఫీసర్లు తన ముందే మాట్లాడేసుకునేవారు. బీరువా ముందు మాట్లాడినట్టే. ఇంట్లో మాత్రం ఒట్టి రోత. మా అన్నయ్య "ఒంట్లో వెచ్చగా ఉంది" అంటే "ఊఁ" అంటుంది, వేలు కదులుతుంది. అరగంట పోయాక "అదేంటి, ఈ వేళప్పుడు పడుకున్నారు?" అని అడుగుతుంది. నేను నెత్తీ నోరూ కొట్టుకుని ఎన్నిసార్లు చెప్పానో. అవి కూడా రాసుకునే ఉంటుంది.

పోయిన ఏడు నీళ్ళ ఆఫీసులో స్టెనోలు ముగ్గురే మిగిలారు. మా వదిన, ఒక పొడుగమ్మాయి, అందరూ బాబాయి అని పిలిచే పెద్దాయన. ఆఫీసర్లంతా మాట్లాడితే తనంతట తనే టైపు చేసే మిషన్లు పెట్టేసుకున్నారు. పెద్దాఫీసరు ఒక్కడే పాత పద్ధతి. ఎందుకంటే మిషను ఆయన దగ్గుని కూడా ఏదో ఒక మాటగా టైపు చేసేదట. ఆయన డిక్టేషన్ చెబుతూ కామా, ఫుల్‌స్టాప్ కూడా పైకి అంటాడు. అందుకే ఆయన్ని చాటున కామా గారంటారు.

ఒకరోజు కామా గారు నోటీసు పెట్టించాడు. ఇరవై నాలుగో తేదీన స్టెనోలకి వేగ పరీక్ష. నిమిషానికి వంద మాటలు రాయలేనివాళ్ళని దూరపు శాఖకి పంపిస్తారు. దూరమంటే బస్సులో నాలుగు గంటలు. అంటే రోజూ వెళ్ళి రావడం కుదరదు, అక్కడే గది తీసుకోవాలి. మా అన్నయ్యది మంచు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని, ఏ వారం ఏ వేళో వాడికే తెలియదు. ఇంట్లో పదిహేనేళ్ళ కూతురు. ఆ పిల్ల నోటీసు సంగతి విని, "అయితే నువ్విక ఆదివారం అమ్మవన్నమాట" అంది. ఏడవలేదు, అలగలేదు, మామూలుగా అనేసి స్కూలు బ్యాగు సర్దుకుంది. మా వదిన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

తన వేగం చూసుకుంటే డెబ్భై. చేతిలో ఉన్నది ఒక్క నెల.

ఆ వారమే నా కొట్టుకొచ్చింది. "నీ టేపు రికార్డరు ఇంకా పనిచేస్తోందా?" అని అడిగింది. సంచీలోంచి కాసెట్టు తీసింది. అట్ట అంచులు నలిగిపోయాయి గానీ గుండుసూది మాత్రం అలాగే కళ్ళు చికిలించి ఉన్నాడు.

"అది నాదని ఒప్పుకో, అప్పుడు ఇస్తాను" అన్నాను.

"నీదే తల్లీ, నీదే."

"రాసివ్వు."

షార్ట్‌హ్యాండ్‌లో గీకి ఇచ్చింది. నేను అవి మర్చిపోయి ఎన్నేళ్ళయిందో తనకి తెలుసు. ఏం రాసిందో ఏమో, ఇవాళ్టికీ తెలియదు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం కొట్టులో చేరాం. వదిన, నేను, మా మేనకోడలు. లోపల టేపు వదులైపోయి వేలాడుతుంటే మా వదిన తన పెన్సిల్ని కాసెట్టు రంధ్రంలో దూర్చి తిప్పి బిగించింది. నేను మీట నొక్కాను. మొదట సరసరమని శబ్దం, తర్వాత ఆ దరువు. అబ్బ! చేతిలో కత్తెర ఉన్న సంగతే మర్చిపోయాను. నలభై ఆరేళ్ళ మనిషిని, మోకాళ్ళు నొప్పులు, కళ్ళజోడు, అవన్నీ ఎటు పోయాయో. వాడికంటే ముందు నా నోరే అందుకుంది. ఒక్క మాట తప్పలేదు.

మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అత్తా, ఇదా ఫాస్టు? దీన్ని పెట్టుకుని నేను నిద్రపోగలను."

"పోతావు పోతావు. మీ అమ్మని చూడు, ఎలా చెమటలు పడుతున్నాయో."

నిజంగానే పడుతున్నాయి. రెండు లైన్లు రాస్తే మూడోది జారిపోతోంది. వెనక్కి తిప్పడం, మళ్ళీ పెట్టడం. అలా రెండో వైపుకొచ్చి, మూడో పాట దగ్గర ఇరుక్కుంది. దాని పేరు 'లైను కలపండి'. ఆ పాట అన్నిటికన్నా వేగం. ఒకే చోట ఆరుసార్లు వెనక్కి తిప్పింది. ఆరోసారి మేనకోడలు అడిగింది. "ఇంతకీ ఆవిడకేమైందమ్మా?"

"ఎవరికి?"

"అదే, ఈ పాటలో ఆవిడకి."

మా వదిన పెన్సిలు ఆపింది. "ఈ పాటలో ఒకావిడ ఉందా?" అంది.

వేళాకోళం అనుకున్నాను. కాదు, నిజంగానే అడుగుతోంది. ఆ పాటని ఎన్ని వందలసార్లు రాసిందో లెక్కలేదు. "పెన్సిలు కింద పెట్టి విను" అన్నాను. పెట్టింది. నేను మీట నొక్కాను.

గుండుసూది వాళ్ళమ్మ టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరు. పొద్దస్తమానం తీగలు గుచ్చి ఎవరెవరికో లైన్లు కలుపుతుంది. పాటంతా ఆవిడతో వాడి పోట్లాటే.

"ఇటు తీగ అటు గుచ్చి, అటు తీగ ఇటు గుచ్చి,
ఊరి మాట ఊరికిచ్చి, ఉత్త నోటితో ఇంటికొచ్చి,
నిన్నెవరు పిలిచారమ్మా, నీ లైనెవరు కలిపారమ్మా,
నే చెప్పింది నీ చెవిన పడి ఏ ఊరికి పోయిందమ్మా?"

పాట అయిపోయింది. తర్వాతి పాట మొదలవబోతుంటే మా వదినే చెయ్యి చాపి ఆపేసింది. కళ్ళనిండా నీళ్ళు. కూతురి వంక చూసింది. అది ఫోన్లోకి తలదూర్చుకుని ఉంది.

"ఇందులో అమ్మ ఉందని నాకు తెలియనే తెలియదే" అంది నాతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీకు తెలియదా, నేను నీకు అప్పుడే, ఇదే పాట పెట్టి... నోటిదాకా వచ్చింది. మింగేశాను. పరీక్ష ముందు మనిషిని కుంగదియ్యడం ఎందుకులే అనుకున్నాను.

అక్కణ్ణుంచి వచ్చిపడింది అసలు తంటా. వినడం మొదలుపెట్టాక తనకి ఆపడం చేతకాలేదు. బాగా రాసుకుంటూ పోతూ ఏదో మాట దగ్గర టక్కున ఆగేది. "చూశావా, వీడికి ఉద్యోగం పోయినట్టుందే" అనేది. "పోతే పోయింది, నీది పోకుండా చూసుకో!" అని నేను అరిచేదాన్ని. ఇరవై తొమ్మిదేళ్ళుగా వినవే వినవే అని ప్రాణం తీసిన నేనే, "పరీక్ష అయ్యేదాకా దయచేసి వినకు తల్లీ" అని బతిమాలాల్సి వచ్చింది. మా అన్నయ్య మాత్రం పండగ చేసుకున్నాడు. నడుం నొప్పి అంటే భార్య వెనక్కి తిరిగి చూస్తోంది, అది చాలు వాడికి. ఇరవై మూడో తేదీకి వేగం తొంభై అయిదుకొచ్చింది. ఆగకపోతే వంద దాటుతుంది. ఆగితే మాత్రం బస్సే.

ఇరవై నాలుగు పొద్దున పదిన్నరకి కామా గారి గదిలో పరీక్ష. ఇది వదిన చెప్పింది, తర్వాత బాబాయి కూడా చెప్పాడు. ఇద్దరి మాటలూ సరిపోయాయి కాబట్టి నమ్మొచ్చు. ముగ్గురూ వరసగా కూర్చున్నారు, ఒళ్ళో నోట్‌బుక్కులు. పుస్తకాల్లో పేరాలు మీకు కంఠతా వచ్చుంటాయి, ఫైల్లోంచి ఏదైనా ఉత్తరం చదువుతానన్నాడు కామా గారు. బల్ల మీద ఫైలు విప్పాడు, పైన ఉన్న కాగితం తీశాడు, గోడ గడియారం చూశాడు, మొదలెట్టాడు. ఆయన డిక్టేషన్ అంటే మరలో పోసినట్టే, తను చదివేది తనకే పట్టదు. వినని జబ్బు మా వదిన ఒక్కదానికే ఉందా ఏమిటి!

మొదటి నిమిషం మా వదిన చెయ్యి పరిగెత్తింది. నూట మూడో నూట నాలుగో ఉంటుందంది. వినకూడదు, వినకూడదు అనుకుంటూనే రాసిందట. రెండో నిమిషంలో ఒక మాట చెవిలో పడి, వేలి దాకా రాకుండా గొంతులో ఆగిపోయింది. పెన్సిలు ఆగింది. పక్కన ఇద్దరి పెన్సిళ్ళూ సరసరా పోతూనే ఉన్నాయి.

"సార్" అంది.

కామా గారు తలెత్తాడు. "మధ్యలో మాట్లాడకూడదని తెలీదా? ఆగితే ఫెయిలే."

"తెలుసు సార్. మీరు చెప్పింది ఒకసారి చదవమంటారా?"

తను లేచి నిలబడింది. నోట్‌బుక్కు పట్టుకుని చదివింది. ఎలా చదివిందో బాబాయి నా కొట్టులో నిలబడి రెండుసార్లు చేసి చూపించాడు. ఎక్కడా గుక్క తిప్పుకోలేదట. "ఈ కార్యాలయంలోని మూడు స్టెనో పోస్టులు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి రద్దు చేయబడుచున్నవి కామా ఇదే కార్యాలయంలో వేరే పని కోరువారు ఇరవై ఐదో తేదీలోగా దరఖాస్తు ఇవ్వవలెను కామా ఇవ్వనివారు దూరపు శాఖకు పంపబడుదురు కామా ఈ విషయము సిబ్బందికి ఇరవై ఆరో తేదీన తెలియపరచబడును ఫుల్‌స్టాప్."

కామా గారు చేతిలో కాగితం వంక అప్పుడు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. పైఆఫీసుకి పంపాల్సిన రహస్యపు ఉత్తరం అది.

"ఇరవై ఐదు అంటే రేపే కదా సార్" అంది మా వదిన. "మాకు ఎల్లుండి చెబుతారా?"

బాబాయి తన నోట్‌బుక్కు చూసుకున్నాడు. ఒక్క తప్పు లేదు. నాతో ఏమన్నాడో తెలుసా? "రద్దు అనే మాట నా చేత్తోనే రాశానమ్మా. కొక్కెం కూడా ముచ్చటగా తిప్పాను. అది నా పోస్టని తట్టలేదు." అలా అంటూ నవ్వాడు పాపం.

"అది రహస్య పత్రం, నోట్‌బుక్కులు ఇటివ్వండి" అన్నాడు కామా గారు.

"తీసుకోండి సార్. నేను విన్నాను" అంది మా వదిన.

ముగ్గురూ తిన్నగా కిందికి దిగి, మెట్ల దగ్గర నిలబడే మూడు దరఖాస్తులు రాసి, కాగితాలు తీసుకునే గుమస్తా చేత తేదీతో ముద్ర వేయించుకున్నారు. ఇరవై ఆరున ఉత్తరం బయటికొచ్చేసరికి దరఖాస్తుల్లో వీళ్ళ పేర్లు ముందే ఉన్నాయి. దూరపు శాఖకి ఎవరూ వెళ్ళలేదు. పరీక్ష ఫలితం ఏమైందని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

స్టెనో మాత్రం ఇక లేదు. ఇరవై ఏడేళ్ళ పని. ఆ పెన్సిళ్ళన్నీ డబ్బాలో పడేసి కూతురికి ఇచ్చేసింది. ఇప్పుడు అదే ఆఫీసులో కింద ఫిర్యాదుల కిటికీ దగ్గర కూర్చుంటోంది. నీళ్ళు రాలేదని, మురికిగా వస్తున్నాయని, పక్కింటివాళ్ళు మోటారు పెట్టి లాగేస్తున్నారని జనం వస్తారు. వాళ్ళు నీళ్ళతో మొదలెట్టి ఇంట్లో సంగతులన్నీ చెబుతారట. తను మొత్తం వింటుందట. క్యూ కదలడం లేదని కామా గారికి ఆమె మీదే ఫిర్యాదు వెళ్ళింది.

కిటికీలో చేరిన రెండో వారం, సాయంత్రం ఆఫీసు అవగానే నా కొట్టుకొచ్చింది. నేను ఒక జాకెట్టుకి చేతులు తగిలిస్తున్నాను. కాసెట్టు తీసి మిషను మీద పెట్టింది.

"ఇదిగో, నీది."

"హమ్మయ్య, తెల్లారిందా!" అన్నాను.

వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. "ఒకరోజు ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద ఆ లైను కలపండి పాట పెట్టి నాకేదో చెప్పావు. ఏడ్చావు కూడా. నేను వేలితో రాసుకుంటున్నాను, అది ఒక్కటే గుర్తుంది. ఏం చెప్పావే?"

"ఇప్పుడెందుకులే వదినా."

"చెప్పు."

తన కుడిచెయ్యి చూశాను. ఒళ్ళో ఊరికే ఉంది. వేలు కదలడం లేదు.

"రేపట్నుంచి రానని చెప్పాను" అన్నాను. "నాన్న మాన్పించేశాడని, ఆడపిల్లకి కుట్టు చాలన్నాడని చెప్పాను. నాకు చచ్చిపోవాలనుందని చెప్పాను. నువ్వు ఫస్టొచ్చే పిల్లవి, నీ మాటంటే నాన్నకి గురి, ఒక్కసారి మా ఇంటికొచ్చి చెప్పవే, పరీక్షయినా రాయనివ్వమని అడగవే అన్నాను."

"నేనేమన్నాను?"

"ఊఁ అన్నావు."

కుట్టిన జాకెట్టు చెయ్యి ఒకటి పట్టుకుని మడత పెడుతూ విప్పుతూ కూర్చుంది. తర్వాత అడిగింది మా వదిన, "నేనొచ్చి చెబితే మీ నాన్న వినేవారంటావా?"

లేదులే, వినేవాడు కాదులే అనెయ్యొచ్చు. తనకి హాయిగా ఉండేది. కానీ ఇన్నేళ్ళకి మొదటిసారి వింటోంది మనిషి.

"వినేవాడు వదినా" అన్నాను.